నాన్న కళ్ళ గురించి నేను చెప్పిన జవాబు

మా నాన్న పాదాలు చెప్పుల్లో పట్టని రోజున నేను ఆయన పక్కనే ఉన్నాను. భీమునిపట్నంలో మా మేనత్త నరసమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని, ఒక కాలు చెప్పులో దూర్చబోయి, తీసేసి, రెండో కాలు ప్రయత్నించి, మళ్ళీ మొదటి కాలికి వచ్చాడు. తప్పు చెప్పులదే అన్నట్టు వాటిని తిరగేసి చూశాడు.

"ఎవుడివో ఏసుకొచ్చీసినాన్రా," అన్నాడు.

అవి ఆయనవే. నేను వంగి చీలమండ మీద వేలితో నొక్కాను. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది. ఆయన ఆ గుంటనీ, నన్నూ మార్చి మార్చి చూశాడు.

ఆ జబ్బు గురించి బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఉన్న తెలుగువాళ్ళందరికీ ఒక కథ తెలుసు. చెప్పినవాణ్ణి నేనే. అది నిజం కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా నాన్న బిలాస్‌పూర్‌లో ఇంజను డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. బొగ్గు పొగ మింగిన ఛాతీ. కార్తీకం వచ్చి అక్కడ చలి మొదలైతే ఊపిరి ఈలలు వేసేది. అందుకని ఏటా పాస్ తీసుకుని రాయపూర్ మీదుగా విజయనగరం దిగి, భీమిలిలో చెల్లెలి ఇంటికి వెళ్ళి, శివరాత్రి దాటాక వచ్చేవాడు. సముద్రం పక్కన చలి ఉండదు. పైగా ఆయనతో పనిచేసిన గార్డు కామయ్య కూడా అక్కడే స్థిరపడ్డాడు. ఇద్దరూ ఇసకలో కూర్చుని, ఎప్పుడో నడిపిన బళ్ళ గురించి తిట్టుకునేవారు. "నీ జెండా కోసం సూసి సూసి నా మెడ వంకరైపోనాది," అని నాన్న. "నీ విజిలుకి నా సెవులు పోనాయి," అని కామయ్య.

ఆ ఏడు నాన్నతో నేను ఒక డబ్బా ఆవనూనె పంపాను. ఎన్నో ఏళ్ళు బిలాస్‌పూర్‌లో ఉన్న నాలుక ఆయనది. బంగాళాదుంపలు ఆవనూనెలో వేగితే తప్ప దిగవు, ఛాతీకి కూడా అదే మర్దనా. భీమిలిలో అది దొరకదు. బిలాస్‌పూర్ బజారులో కొత్తగా పెట్టిన కొట్టులో పెద్ద డబ్బా కొని, కొంత ఆయనకి చిన్న డబ్బాలో పోసి, మిగతాది ఇంట్లో అటక మీద పెట్టాం. ఇంట్లో పాత నూనె ఇంకా ఉంది.

మాఘంలో నాకు సెలవు దొరికి చూడ్డానికి వెళ్ళాను. వెళ్ళిన మర్నాడే ఈ చెప్పుల సంగతి.

అత్తని అడిగితే, "ముందు విరోచనాలు అయినాయిరా. తర్వాత కాళ్ళు మండతన్నాయి అన్నాడు. నడక ఎక్కువైనాదేమో అనుకున్నాను," అంది.

ఊళ్ళో డాక్టరు చూసి, "బెరిబెరి. మర బియ్యం తినేవాళ్ళకి వస్తుంది. అన్నం మాన్పించండి, గోధుమ పెట్టండి," అన్నాడు. అదే బియ్యం ఇంట్లో అందరూ తింటున్నారు. వాళ్ళెవరికీ కాళ్ళు ఉబ్బలేదు. ఎందుకో నాకు అర్థం కాలేదు, డాక్టర్ని అడగడానికి నోరూ రాలేదు. అన్నం మానేసి రొట్టెలు పెట్టించాం. రొట్టెలోకి రోజూ ఆయనకిష్టమైన దుంపల వేపుడు. వాపు మోకాళ్ళు దాటింది.

ఒక సాయంత్రం అత్త లాంతరు వెలిగించి గుమ్మంలో పెట్టింది. నాన్న దాన్నే చూస్తున్నాడు.

"ఒరే, దీపం సుట్టూ రంగులు కనబడతన్నాయేట్రా నీకు?"

"లేదు నాన్నా."

"నాకు కనబడతన్నాయి. ఎరుపు బయట, నీలం లోపల. గుండ్రంగా."

"ఎన్నాళ్ళనుంచి?"

"కాళ్ళతో పాటే."

అప్పుడు నేనన్న మాట ఇక్కడ ఉన్నదున్నట్టు రాయాలి. "ఈ సంగతి డాక్టర్ల దగ్గర ఎత్తకు నాన్నా," అన్నాను.

బండి మీద పనిచేసేవాళ్ళ ఇళ్ళలో ఇది వింత మాట కాదు. మాకు డాక్టరంటే జబ్బు నయం చేసేవాడు కాదు, కాగితం మీద 'అన్‌ఫిట్' అని రాయగలిగినవాడు. దగ్గొస్తే దగ్గు లేదంటాం. కళ్ళ పరీక్షకి ముందు పొగాకు మానేసి, కళ్ళలో గులాబ్ జల్ వేసుకుని వెళ్తాం. రంగుల ఉన్ని దారాల్లో డాక్టరు అడిగింది తడుముకోకుండా ఏరి ఇవ్వాలి, చీకటి గదిలో లాంతరు రంగు చెప్పాలి. నేనప్పుడు యార్డులో ఇంజన్లు అటూ ఇటూ మార్చే షంటర్‌ని. డ్రైవరు పదవికి నా కళ్ళ పరీక్ష దగ్గర్లో ఉంది. తండ్రికి కంటి జబ్బని తెలిస్తే కొడుకు కళ్ళని రెండుసార్లు చూస్తారని నాకు నేనే అనుకున్నాను. డాక్టర్లు అలా ఆలోచిస్తారో లేదో నాకు తెలియదు. ఎవరినీ అడగలేదు.

నాన్న నవ్వాడు. "నాకు నువ్వు సెప్పాలేట్రా ఇది?" అన్నాడు.

ఆ తర్వాతే వంటింట్లో ఒక మూకుడు చూశాను. అత్త నాన్నకి వేరే మూకుట్లో వండుతోంది. అది మిగతా గిన్నెలకి దూరంగా, దొడ్డి గుమ్మం పక్కన బోర్లించి ఉంది. సొంత అన్నకి వేరే వంట! మిగతావాళ్ళంతా బాగుండి, ఈయనొక్కడే ఎందుకు పాడయ్యాడో అప్పుడు నాకు తెలిసిపోయినట్టయింది. వీధిలోకి వచ్చి అరిచాను. మా నాన్నకి చెత్త తిండి వేరేగా పెట్టి చంపుతున్నారన్నాను.

అత్త తెల్లబోయింది. "మీ నాన్న నూనె కంపు మా పిల్లలు ఓర్సుకోలేరని వేరే ఎట్టినానురా. అడుగు మీ నాన్నని."

నాన్నకి ఆయాసం. చెయ్యి ఊపాడు, అవునో కాదో తెలియలేదు. నాకు తెలుసుకోవాలనీ లేదు. మర్నాడే బండెక్కించాను.

బిలాస్‌పూర్ చేరాక క్వార్టర్లలో అందరికీ చెప్పాను. మేనత్త ఇంటి తిండి మా నాన్న ప్రాణం మీదికి తెచ్చిందని. అందరూ నమ్మారు. నమ్మకుండా ఎలా ఉంటారు, మనిషి కళ్ళ ముందు అలా ఉన్నాడు.

రైల్వే ఆసుపత్రిలో బెంగాలీ డాక్టరుబాబు. నా కళ్ళు పరీక్షించబోయేదీ ఆయనే. ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. "హార్ట్ డైలేటెడ్, గుండె ఉబ్బింది. యూరిన్‌లో ఆల్బుమిన్ లేదు, కిడ్నీ కాదు," అని, నాన్న వైపు తిరిగి, "కళ్ళు? విజన్‌లో ఏమైనా ట్రబుల్?" అని హిందీలో అడిగాడు.

నాన్న నోరు తెరిచాడు.

"కళ్ళు బ్రహ్మాండం సాబ్. డ్రైవరు కళ్ళు," అన్నాను నేను.

నాన్న నోరు మూసుకున్నాడు. డాక్టరు రాసుకున్నాడు.

ఉప్పు మానమన్నారు, మంచం దిగొద్దన్నారు, మందు ఇచ్చారు. అత్త ఇల్లు దాటి వచ్చాడు కాబట్టి ఇక తగ్గాలి. తగ్గలేదు. పడుకుంటే ఊపిరి ఆడక, తలగడలు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. వాపు పొట్టకి వచ్చింది. గోధుమ పెడుతున్నాం, ఉప్పు లేదు, మందు తప్పడం లేదు. అన్నీ సరిగ్గా చేస్తున్నకొద్దీ ఎందుకు ముదురుతోందో తెలియక నేను డ్యూటీలో ఒకటి చెయ్యబోయి ఇంకొకటి చేసేవాణ్ణి. మేం వచ్చిన వారానికే పాత నూనె అయిపోయి, నా భార్య పైడమ్మ అటక మీది డబ్బా దింపింది. నేను ఎక్కువగా బండి సిబ్బంది దిగే రన్నింగ్ రూములో తినేవాణ్ణి. ఇంట్లో తినేది వాళ్ళిద్దరూ.

ఒక పొద్దున్న పైడమ్మ కాళ్ళకి కడియాలు దిగక సబ్బు రాసుకుంటోంది. నన్ను చూసి ఆపింది.

"ఇక్కడ మీ అత్త లేదు గదా," అంది. "మరి నా కాళ్ళేటి ఇలగ అయినాయి?"

నేను వంగి ఆవిడ చీలమండ మీద వేలితో నొక్కాను. ఆవిడ మళ్ళీ, "సెప్పండి. వీధిలో నిలబడి నామీద కూడా అరుస్తారా?" అంది.

ఇద్దర్నీ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరుబాబు పైడమ్మ కాళ్ళు చూసి, నాన్న కాళ్ళు చూసి, కళ్ళద్దాలు తీసేశాడు. "అచ్ఛా. ఒకే ఇంట్లో ఇద్దరు. ఏ నూనె వాడతారు?"

"సర్సోం," అన్నాను, ఆవనూనె అని.

"పట్టుకురా."

డబ్బా తెచ్చాను. గాజు గొట్టంలో కొంచెం నూనె పోసి, నైట్రిక్ యాసిడ్ వేసి ఊపాడు. అడుగున నారింజ రంగు తిరిగి, చూస్తుండగా ఎర్రబడింది.

"ఎపిడెమిక్ డ్రాప్సీ. కల్తీ నూనెతో ఒళ్ళు నీరు పట్టే జబ్బు," అన్నాడు. "మా బెంగాల్లో చాలా చూశాను. బెరిబెరి అనుకుంటారు, చాలామంది పొరబడతారు."

పసుపు పువ్వుల ముళ్ళ మొక్క ఒకటి ఉంటుంది. మనం బ్రహ్మదండి అంటాం, ఇక్కడివాళ్ళు సత్యానాశి అంటారు. దాని గింజలు అచ్చం ఆవాల్లాగే ఉంటాయి. ఆవాలతో కలిసి గానుగలో పడితే ఆ నూనె విషం. భీమిలిలో ఆ నూనె తిన్నది నాన్న ఒక్కడే. వాసన గిట్టక అత్త వేరే మూకుడు పెట్టబట్టి ఆ ఇంట్లో పిల్లలు బతికిపోయారు. విషం నేను కొని, నేను డబ్బాలో పోసి, నేను పంపింది.

డాక్టరు అక్కడితో ఆగలేదు. "దీనిలో కంట్లో ప్రెషర్ పెరుగుతుంది. గ్లాకోమా. దీపం చుట్టూ రంగులు కనిపిస్తాయా?" అని పైడమ్మని అడిగాడు. లేదంది. నాన్నని అడిగాడు.

నాన్న ముందు నా వైపు చూశాడు. తర్వాత, "ఎరుపు బయట, నీలం లోపల," అన్నాడు. "ఇప్పుడు ఎడమ కంటికి అదీ లేదు సాబ్. పొగ."

"ఎప్పటినుంచి?"

"భీమిలిలో ఉన్నప్పటినుంచి."

"ఆ రోజు అడిగాను కదా! ఎందుకు చెప్పలేదు?"

నేను పక్కనే నిలబడి ఉన్నాను. నాన్న నవ్వి, "అలవాటు సాబ్. సర్వీసంతా మీలాంటివాళ్ళ దగ్గర దాచుకుంటూ వచ్చాను. రిటైరయినా నోరు రాలేదు," అన్నాడు.

డాక్టరు తల పట్టుకున్నాడు. నేనూ ముసలాయన మొండితనం అన్నట్టు తల ఊపాను. క్వార్టర్లలో ఇప్పటికీ అందరూ అదే అంటారు: డ్రైవరు మొండితనమే కన్ను తినేసిందని. కాదు. ఆయన చెప్పబోయాడు. నేను చెప్పనివ్వలేదు.

నూనె మానేశాక పైడమ్మకి త్వరగానే తగ్గింది. నాన్నకి వాపు మెల్లగా దిగి, కాళ్ళు ఎండిన కాడల్లా అయ్యాయి. ఊపిరి కుదురుకుంది. కళ్ళలో పైలోకార్పిన్ చుక్కలు వేశారు. పెద్ద ఆసుపత్రికి పంపి, కంట్లో ఒత్తిడి తగ్గించే ట్రెఫైన్ ఆపరేషన్ చేయించారు. కుడి కన్ను నిలిచింది. ఎడమది పోయింది.

ముందే చెప్పి ఉంటే ఆ కన్ను దక్కేదా అని డాక్టరుబాబుని ఒంటరిగా అడిగాను. కళ్ళు బాగున్నాయని చెప్పింది నేనేనని కూడా గుర్తు చేశాను. "కాంట్ సే. కొందరికి ముందే చుక్కలు వేసినా పోతుంది. కొందరికి నిలుస్తుంది," అన్నాడు. మా నాన్న ఏ కొందరిలోవాడో నాకు ఈనాటికీ తెలియదు. తెలిస్తే ఏదో ఒక బరువు మోసేవాణ్ణి. ఇప్పుడు రెండూ మోస్తున్నాను.

తర్వాత నా కళ్ళ పరీక్ష అయింది. అదే డాక్టరు, అవే ఉన్ని దారాలు. నాన్న గురించి ఒక్క మాట కూడా అడగలేదు. నేను పాసయ్యాను.

మళ్ళీ కార్తీకం వచ్చింది. "నన్ను నరసమ్మ దగ్గరికి దింపు," అన్నాడు నాన్న. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియక నాలుగు వంకలు చెప్పాను. "నీ మొహంతో నాకేటి పని? సలి నాకు," అన్నాడు.

అత్త అన్నని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. నన్ను రమ్మనలేదు. నేను వీధిలోనే నిలబడ్డాను. కామయ్య వచ్చాడు, పక్కింటివాళ్ళు వచ్చారు. పోయినసారి ఎక్కడ నిలబడి అరిచానో అక్కడే నిలబడి, నూనె సంగతి, కళ్ళ సంగతి, నేను అబద్ధం చెప్పిన సంగతి అన్నీ చెప్పాను. చెబుతుంటే గొంతు దానంతటదే పెరిగిపోయింది.

అత్త గుమ్మంలోకి వచ్చింది. "అప్పుడూ అరిసినావు, ఇప్పుడూ అరస్తన్నావు," అంది. "మెల్లగా మాటాడ్డం నీకు రాదేట్రా?"

కామయ్య నవ్వాపుకోలేక దగ్గాడు. లోపల్నుంచి నాన్న, "సిన్నప్పట్నించీ అంతే ఆడు," అన్నాడు.

క్షమించానని అత్త అనలేదు. భోజనానికి కూర్చోబెట్టింది కానీ నాతో మాట్లాడలేదు. "అన్నియ్యా, ఆడికి పులుసు సాలిందో లేదో అడుగు," అంటుంది నేను ఎదురుగా ఉండగానే. అది మూడేళ్ళ కిందటి మాట. ఇప్పటికీ అలాగే అడుగుతుంది. అదే చాలనుకుంటాను.

నాన్న చలికాలమంతా అక్కడే ఉంటాడు. కుడి కన్నుతో మనుషుల్ని గుర్తుపడతాడు. చుక్కలు అత్తే వేస్తుంది. కామయ్య ఎప్పుడూ ఆయనకి ఎడమ పక్కన నడుస్తాడు. గార్డు చెప్పినట్టు డ్రైవరు నడవాల్సి వచ్చిందని ఇద్దరికీ రోజూ ఒక తగువు.

ఇది చదివేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే. డాక్టరు మీ ఇంట్లో రోగిని ఏదైనా అడిగితే మీరు జవాబు చెప్పకండి. రోగి ముసలివాడైనా, మాట తడబడినా, మీకు అన్నీ తెలుసనిపించినా ఆగండి. ఆగలేమనుకుంటే గది బయట ఉండండి. ఎండాకాలంలో నాన్న బిలాస్‌పూర్ వచ్చినప్పుడు కంటి పరీక్షకి నేనే తీసుకెళ్తాను. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, వరండాలోకి వచ్చేస్తాను. తలుపు వేస్తారు. లోపల ఆయన ఏం చెబుతాడో నాకు వినబడదు, వచ్చాక నేను అడగను. చాలాసేపు మాట్లాడతాడు.