పూటకో ఫిర్యాదు

ఫిర్యాదు రాయనిదే గడియారాలాయనకు తిన్నది అరగదు. హోటల్లో అందరూ భోజనం కాగానే చెయ్యి కడుక్కుని వెళ్లిపోతారు. ఆయన చెయ్యి కడుక్కుని, శుభ్రంగా తుడుచుకుని, జేబులోంచి కలం తీసి, "ఏదీ, ఆ పుస్తకం ఇలా పట్రండి" అంటాడు. గల్లాపెట్టె పక్కన మేకుకు వేలాడే సలహాల పుస్తకం అది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఆయన దస్తూరీయే.

నలభై ఏళ్లు కంటికి భూతద్దం తగిలించుకుని చేతిగడియారాలు బాగుచేసిన మనిషి. ఎక్కడో ఒక లోపం కనబడితేగానీ ఆయనకు ఊపిరాడదు. ఒక వారం వంటింటి వేడికి కళ్లు తిరిగాయంటాడు. ఇంకో వారం వడ్డించే పిల్ల బూట్లు కిర్రుమంటుంటే ముద్ద దిగడం లేదంటాడు. ఆ పిల్లకు 'పరుగులమ్మ' అని పేరు పెట్టిందీ ఆయనే.

ఆయన భార్యకు ఆదివారం వస్తే తల కొట్టేసినట్టుండేది. మంచి చీర కట్టుకుని, ఫ్యాను కింద కుర్చీలో దొరసానిలా కూర్చుని తింటుందా, చివర్లో ఈయన కలం తీస్తాడు. పోనీ టిప్పైనా ఇస్తాడా అంటే అదీ లేదు.

"ఏమండీ, ఆ పిల్ల చేతిలో ఏదన్నా పెట్టండి. పరువు పోతోంది."

"చేతిలో పెడితే సాయంత్రానికి అయిపోతుందే. కాగితం మీద పెడితే ఉంటుంది."

"ఉండేది మీ పిసినారితనం!"

అందుకని ఇంటి పరువు ఆవిడే నెత్తికెత్తుకుంది. ఆయన రాసుకుంటుంటే కొంగుముడి విప్పి, నలుగురూ చూసేలా గాజులు గలగలలాడించి, గల్లాపెట్టె మీది టిప్పుల డబ్బాలో నోటు వేసేది. యజమాని చేతులు జోడించి, "మీలాంటి తల్లుల వల్లే ఈ పనివాళ్లు బతుకుతున్నారమ్మా" అనేవాడు. ఆ మాటకు ఆవిడ రెండంగుళాలు పొడుగయ్యేది. ఇంటికి చేరేదాకా తగ్గేది కాదు.

పుస్తకంలో ఆయన ఏం రాశాడో ఆవిడ ఏనాడూ చూడలేదు. అసహ్యం వేసి చూడలేదని అందరికీ చెప్పేది. అసలు సంగతి, ఆవిడ చదువు రెండో తరగతిలో ఆగింది. అక్షరాలు వచ్చు గానీ ఒక్కొక్కటే వస్తాయి, వచ్చినది రెండోదాని కోసం ఆగదు.

ఒక ఆదివారం ఆయన రాస్తూనే ఉన్నాడు. కలం ఆగలేదు.

"ఈసారి ఎవరి మీదండీ?"

"పరుగులమ్మ మీద. పేజీ నిండింది."

పరుగులమ్మకు ఆరో నెల. పాదాలు వాచి బూట్లలో పట్టడం లేదు. "కడుపుతో ఉన్న పిల్ల మీదా? మీకు చేతులెలా వచ్చాయి? పనిలోంచి తీసేస్తే ఏం తింటుంది?"

"తియ్యడులే, పద."

ఆ రాత్రి ఆవిడకు కంటి మీద కునుకు లేదు. తెల్లారగానే, హోటలు తలుపులు తీసే వేళకు వెళ్లి నిలబడింది. యజమాని కాళ్లయినా పట్టుకుందామని వచ్చింది గానీ, ఎదురుగా పరుగులమ్మ ఎత్తుస్టూలు మీద కూర్చుని, చేతిగుడ్డలు మడతపెడుతోంది.

"నిన్ను తీసేశారా తల్లీ?"

"లేదమ్మగారూ, కూర్చోబెట్టారు! అంతా అయ్యగారి పుణ్యం. ఇదిగో పుస్తకం, చదవండి."

"కళ్లజోడు మరిచిపోయా. నువ్వే చదువు."

కళ్లజోడు ముక్కు మీదే ఉంది. పరుగులమ్మ మర్యాద తెలిసిన పిల్ల, చూడనట్టే పేజీ చివరి ముక్క చదివింది: "'ఈ అమ్మాయి దినమంతయు నిలబడియుండుట చూడగా నా మోకాళ్లు పీకుచున్నవి. ఆమెకొక స్టూలు వేయవలెను. లేనియెడల ఎదుటి హోటలుకు పోగలవాడను.' మేం అడిగితే చూద్దాంలే అంటారమ్మా. తినేవాళ్లకు ఇబ్బందంటే అప్పటికప్పుడే చేస్తారు. ఈ కొత్త బూట్లూ అంతే, వంటింట్లో ఫ్యానూ అంతే."

"మరి ఈ మనిషి నాకో ముక్క చెప్పడేం?"

పరుగులమ్మ నీళ్లు నమిలింది. "మీ మనసు బంగారమట. నోట్లో మాత్రం ఏదీ నిలవదట."

"మొదటిది ఆయన అన్లేదు. నువ్వు కలిపావు. సరే, పోనీ, నా టిప్పులన్నా మీకు అందుతున్నాయా?"

"ఆ డబ్బా తాళం యజమానిగారి దగ్గరుంటుందమ్మగారూ. మా దాకా రావు."

తొమ్మిదేళ్లుగా గాజులు గలగలలాడించి మరీ ఆవిడ పోషించింది, నాలుగు వేళ్లకు నాలుగు ఉంగరాలున్న ఆ మహానుభావుణ్ణి! "ఎంత తెలివైనదాన్నే నేను!" అని నుదురు కొట్టుకుంది.

పరుగులమ్మ దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "వచ్చే వారం పొగగొట్టం సంగతి రాయమనండమ్మా. అది మూసుకుపోయి వంటమనిషికి ఒకటే దగ్గు. పొగ బల్లల దాకా వస్తోందంటే చాలు."

"వారం దాకా ఎందుకు? ఆయనకు రాయడం వస్తే నాకు దగ్గడం రాదా?"

అంటూనే వంటింటి గుమ్మం పక్క బల్ల దగ్గర కూలబడి, పేగులు బయటికొచ్చేలా దగ్గడం మొదలుపెట్టింది. యజమాని మంచినీళ్ల గ్లాసుతో పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యయ్యో, ఏమైందమ్మా?"

"పొగయ్యా, పొగ! చచ్చిపోతున్నా!"

యజమాని వంటింట్లోకి తొంగి చూశాడు. "పొయ్యి ఇంకా వెలిగించనే లేదమ్మా!"

ఆవిడ ఒక్క క్షణం తడబడింది. ఒక్క క్షణమే.

"వెలిగించకముందే నా ప్రాణం ఇట్లా పోతుంటే, వెలిగించాక నేను దక్కుతానా?"

పరుగులమ్మ మడతపెట్టిన గుడ్డల్లో మొహం దాచుకుంది. ఆవిడ మళ్లీ దగ్గబోతుంటే యజమాని చెయ్యెత్తి ఆపి, పొగగొట్టాలు బాగుచేసేవాడికి ఫోను చేశాడు.