అవతలి పక్షానికి ఒక కప్పు టీ

అమెరికాలో, హెర్న్‌డన్‌ ఊళ్ళో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు, పక్కింటి ముసలాయనకి మధ్యాహ్నాలు తోడుగా కూర్చునే పని నా మెడకి చుట్టుకుంది. "రెండు గంటలే కదమ్మా, వాళ్ళమ్మాయి ఆఫీస్ నుంచి వచ్చేదాకా మేనేజ్ చెయ్యి," అంది మా అమ్మాయి. సరేనని తగలడ్డాను.

ఆయన తైవాన్‌లో పేరున్న రాజకీయ నాయకుడట. చైనాతో చర్చలంటే ఇరవై ఏళ్ళు బల్లకి ఇవతల ఆయనే. సముద్రానికి అటొకరు ఇటొకరుగా విడిపోయిన కుటుంబాలను ఎన్నిటినో కలిపాడట. సొంత అన్న మాత్రం చిన్నతనంలోనే అవతలి ఒడ్డున ఉండిపోయాడు. "వాడి సంగతి అడుగు నాయనా" అని తల్లి చివరిదాకా బతిమాలినా ఆయన నోరు విప్పలేదు. సొంత పని ఒక్కటి అడిగితే అవతలివాళ్ళ చేతికి జుట్టు ఇచ్చినట్టేనని భయం. అడగలేదన్న బాధ ఇప్పుడాయన్ని తినేస్తోందని వాళ్ళమ్మాయి చెప్పింది.

రోజూ మూడింటికి రెండు కప్పుల్లో టీ పోసేవాడు. ఒకటి తనకి, ఒకటి ఎదురుగా ఖాళీ కుర్చీకి. అవతలి పక్షం తాగేదాకా తను ముట్టకూడదు, అదీ ఆయన పాత మర్యాద. రెండూ చల్లారిపోయేవి. ఒకరోజు ఒళ్ళుమండి, "ఎందుకు సార్ ఈ దండగ!" అంటూ ఆ కుర్చీలో కూర్చోబోయాను.

"ప్లీజ్ మేడమ్. అక్కడ ఆయన కూర్చున్నారు," అన్నాడు నెమ్మదిగా.

ఓరి నాయనో! ఆ చర్చల్లో అవతలివైపు కూర్చునే చైనా అధికారి పోయి చాలా ఏళ్ళయిందని తర్వాత తెలిసింది. పట్టపగలు, బయట ఎవరో లాన్ కోస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

మర్నాడు నా చేతికి కాగితం, పెన్ను ఇచ్చాడు. "ఇవాళ అడుగుతాను. మీరు రాసి, చివర్లో చదవాలి," అన్నాడు ఇంగ్లీషులో. రాసింది పైకి చదివి సంతకం పెట్టేదాకా వాళ్ళ చర్చల్లో ఏ మాటా ఖాయం కాదట.

తన భాషలో మొదలుపెట్టాడు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అన్న గురించేనని మాత్రం ఊహించాను. అడిగి ఆగాడు. తల వంచి చాలాసేపు విన్నాడు. నాకు ఏసీ హోరు తప్ప ఏమీ వినపడలేదు. పాపం, ఎంత జాలేసిందో! "మా అన్నయ్య ఎక్కడ?" అని తెలుగులో రాసి, కింద జవాబు నేనే కల్పించాను. "మీ అమ్మ దగ్గరే ఉన్నాడు. నీ మీద కోపం లేదు."

"చదవండి," అన్నాడు.

ఆయనకి తెలుగు రాదుగా అన్న ధీమాతో చదివేశాను.

తలెత్తి నా వైపు చూశాడు.

"అమ్మ దగ్గర ఉన్నాడన్నది కరెక్ట్, మేడమ్. కోపం లేదని ఆయన అనలేదు. ఉందన్నారు. దిద్దండి."

"లేదు" కొట్టేసి "ఉంది" అని రాశాను. ఆయన శ్రద్ధగా కింద సంతకం పెట్టాడు. ఎదుటి కప్పులోకి చూసే ధైర్యం నాకు లేదు. ఆయన చూశాడు. చూసి, తన కప్పు ఎత్తి తాగాడు.