బూడిదలో చిన్న పాదం

ముప్పై ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చూడ్డానికి పెద్దదేమీ కాదు. నా పిడికిలంత ఉంటుంది. అయినా దాన్ని దించి పక్కన పెట్టే చోటు నాకు ఇంతవరకు దొరకలేదు.

నా పేరు చెప్పను. చెప్పే ధైర్యమే ఉంటే ఈపాటికి చెప్పవలసిన వాళ్లకే చెప్పి ఉండేవాణ్ణి. వాళ్లలో ఒకాయన పోయాడు. ఒకావిడ ఉందో లేదో తెలియదు. ఇక మిగిలింది మీరు. మీ ముఖం నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. ఇదీ ఒక రకం పిరికితనమే అనుకోండి, నేను కాదనను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేనక్కడ గుమాస్తాను. ఆఫీసులు డేరాల్లో నడిచేవి. ఎండకు లోపల మనుషులూ ఫైళ్లూ ఒకే రీతిగా ఎండేవాళ్లం. ఆ విసుగులో నాకొక వినోదం దొరికింది. ఊళ్లో ఒక చిన్న వారపత్రిక ఉండేది. దాంట్లో మారుపేరుతో దెయ్యాల శీర్షిక రాసేవాణ్ణి. ఆదివారం వచ్చిందంటే నలుగురు మిత్రులం బొరుగులు, సోడాలు కట్టించుకుని ఏ పాడుబడ్డ బురుజునో, ఏ దిగుడుబావినో వెతుక్కుంటూ పోయేవాళ్లం. దెయ్యాల వేట అని దానికి పేరు. ఏమీ కనిపించేది కాదు. కనిపించనిదాన్ని కనిపించినట్టు రాయడమే నా విద్య. పత్రిక వచ్చిన రోజు డేరాల్లో ఒకడు పైకి చదువుతుంటే పదిమంది చుట్టూ చేరేవాళ్లు. మారుపేరు వెనక ఎవరున్నారో అందరికీ తెలుసు. ఆ తెలియడం నాకు బాగా తలకెక్కింది.

ఇక అయ్యవారి సంగతి. ఆయన కడపలో హైస్కూలు సైన్సు అయ్యవారు. నేను ఆయన దగ్గరే చదువుకున్నాను. ఎక్కడైనా ఇంట్లో దెయ్యముందని వింటే ఆయన సెలవు పెట్టి మరీ పోయేవాడు. బొరుగులతో కాదు. ఒక థర్మామీటరు, కొలబద్ద, దారపు ఉండ, లక్క, ఒక నోటుపుస్తకం, అంతే ఆయన సరంజామా. నోటుపుస్తకంలో ప్రతి పేజీకీ నిలువుగా గీత కొట్టి ఉండేది. ఎడమవైపు చూసింది, కుడివైపు అనుకున్నది. చివర్లో అడుగున ‘కారణం’ అని రాసి ఒక గడి వదిలేవాడు. దెయ్యం ఉందా లేదా అని ఎవరైనా అడిగితే, నేనింకా చూడలేదనేవాడు. లేదని మాత్రం అనేవాడు కాదు. అది నాకు నవ్వులాటగా ఉండేది. ఉందంటే ఒక కథ, లేదంటే ఒక కథ. ఇంకా చూడలేదంటే ఏం రాస్తాం?

ఒక ఎండాకాలం ఆయన నుంచి ఉత్తరం వచ్చింది. బద్వేలులో ఒక శెట్టిగారింట్లో రోజూ మిట్టమధ్యాహ్నం చప్పుళ్లవుతున్నాయి, రెండో జత కళ్లు కావాలి, నాలుగు రోజులు సెలవు పెట్టి రాగలవా అని. నమ్మకమైన సాక్షి లేకపోతే రాసుకున్నదానికి విలువుండదని కూడా రాశాడు. నేను ఆ ఉత్తరాన్ని జేబులో పెట్టుకుని నేరుగా పత్రిక సంపాదకుడి దగ్గరికి పోయాను. నా బుద్ధి ఎటువైపు నడిచేదో చెప్పడానికి ఆ ఒక్కటి చాలు.

శెట్టిగారిది పాతకాలపు మట్టి మిద్దె. ఆయన మొదటి భార్య రెండేళ్ల కిందట పోయింది. ఏడాది కిందట రాజంపేట నుంచి లక్ష్మీదేవి అనే అమ్మాయిని చేసుకున్నాడు. ఇరవై ఏళ్లుంటాయేమో. మెడలో తాళితో పాటు సవతమ్మ కూడా ఉంది. చనిపోయిన సవతి పేరున రెండో భార్య కట్టుకునే చిన్న బంగారు బిళ్ల అది. ఆమె ఈ ఇంట్లో కాలుపెట్టిన తర్వాతే నడిమింట్లో చప్పుళ్లు మొదలయ్యాయట. ఎవరో నేల కింద నుంచి గుద్దినట్టు, ఎండ నడినెత్తికి వచ్చే వేళకి. మొదటి కోడలు ఈమెను ఉండనివ్వడం లేదని అత్తగారి నమ్మకం. పూజలు చేయించారు. తాయెత్తులు కట్టించారు. ఇక ఆ అమ్మాయిని పుట్టింటికి పంపేయడమే మిగిలింది. శెట్టిగారికి మాత్రం మనసొప్పలేదు. అందుకే అయ్యవారిని పిలిపించాడు. మీరు కారణం కనుక్కుని సంతకం పెట్టి ఇస్తే అమ్మ కూడా ఒప్పుకుంటుంది, లేకపోతే నా చేతుల్లో లేదన్నాడు. అయ్యవారు మూడు రోజులు గడువడిగాడు. ఆ అమ్మాయి వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

మొదటిరోజు ఇంట్లో వాళ్లందరినీ బయట అరుగుమీద కూర్చోబెట్టాడు. నడిమింటి బండల మీద జల్లెడతో పొయ్యి బూడిద సన్నగా పరిచాం. తలుపులకు అడ్డంగా దారాలు కట్టి లక్కతో అతికించాం. మధ్యాహ్నానికి చప్పుడైంది. నేనూ విన్నాను. నా ఒళ్లు జలదరించిన మాట నిజం, అంతవరకూ నా రాతల్లో వందసార్లు జలదరించినా. తలుపు తీసి చూస్తే బూడిద చదునుగా, ఎలా పరిచింది అలాగే ఉంది. మనిషి పని కాదని తేలింది. ముఖ్యంగా లక్ష్మీదేవి పని కాదని తేలింది, ఎందుకంటే ఆ అనుమానమూ కొందరికి ఉండేది.

ఆ సాయంత్రం ఆయన బండలమీద మోకాళ్లతో పాకుతూ ఒక్కొక్కదాన్నీ చేత్తో తట్టాడు. ఒకచోట డొల్లగా మోగింది. అడిగితే శెట్టిగారు చెప్పాడు, అక్కడ తాతలనాటి పాతర ఉండేదని. జొన్నలు నిలవచేసుకోవడానికి భూమిలో తవ్విన గొయ్యి. వాడకం లేక ఖాళీగా వదిలేసి, రెండో పెళ్లికి ఇల్లు బాగుచేయించినప్పుడు దానిమీద కొత్త కడప బండ పరిపించారు. అదే పెళ్లికి మిద్దెకప్పులో వెలుతురు కోసం వదిలిన గవాక్షిని కూడా పెద్దది చేయించారు, నడిమింట్లో వెలుతురు చాలడం లేదని. అయ్యవారి ముఖం నేను ఎన్నడూ చూడనంతగా వెలిగింది. గవాక్షిలోంచి మధ్యాహ్నపు ఎండ సరిగ్గా ఆ బండమీద పడుతుంది. కాలిన బండ సాగుతుంది, పక్కబండ దాన్ని నొక్కి పట్టుకుంటుంది, ఇక ఆగలేక ఒక్కసారి కదులుతుంది. కింద ఖాళీ పాతర గుమ్మని మోగుతుంది. కొత్త కోడలు వచ్చాకే చప్పుడు ఎందుకు మొదలైందో కూడా దాంట్లోనే తేలిపోయింది.

రెండోరోజు గవాక్షి మూయించాడు. చప్పుడు కాలేదు. ఆ పూట లక్ష్మీదేవి మాకు అన్నం వడ్డిస్తూ మొదటిసారి నవ్వింది. మూడోరోజు మళ్లీ గవాక్షి తెరిచి, ఊరి పెద్దల ఎదుట చప్పుడు వినిపించి, బూడిద చూపించి, బండ లేపి పాతర చూపిస్తానన్నాడు. అంతటితో అయిపోవలసిన కథ.

అక్కడే నాకది మింగుడుపడలేదు. ఎండకు బండ కదిలిందని రాస్తే డేరాల్లో ఎవడు చదువుతాడు? ఆ రెండోరోజు సాయంత్రమే మా సంపాదకుడు కర్నూలు నుంచి వ్యానులో పది పన్నెండు మంది పాఠకులను వెంటబెట్టుకుని దిగాడు. సత్రంలో నన్ను చుట్టుముట్టి, ఏమయ్యా, రేపు చూపిస్తావా లేదా అని వేళాకోళమాడారు. నేను నవ్వుతూ, వచ్చినందుకు ఉత్తచేతులతో పంపనులే అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు ఏ ఆలోచనా లేదు. లేదనే అనుకుంటున్నాను. నిజంగా లేదా? ఇన్నేళ్లలో ఆ ప్రశ్నకు నేను ఒక్కో ఏడు ఒక్కో జవాబు చెప్పుకున్నాను.

మూడోరోజు వాకిలి నిండా జనం. అయ్యవారు గవాక్షి తెరవడానికి మిద్దెక్కాడు. బూడిద పరిచే పని నాది. పరిచాను. ఆయన మెట్లు దిగుతున్న చప్పుడు వినిపిస్తోంది. కృష్ణాష్టమికి మా అమ్మ ముగ్గుపిండిలో పిడికిలి అంచు అద్ది, గడప నుంచి పూజ దాకా కృష్ణుడి అడుగులు వేసేది. పైన వేలికొసలతో అయిదు చుక్కలు. తెలుగిళ్లలో ఎవరికైనా చేతనైన పనే. గుమ్మం దగ్గర వంగాను. పిడికిలి ఆనించాను. అయిదు చుక్కలు. అంతే, ఊపిరి పీల్చి వదిలినంతసేపు కూడా పట్టలేదు. తలుపు మూశాను.

మొదటి రెండు రోజులూ ఆయనే లోపలికి తొంగిచూసి దారం కట్టాడు. ఆవేళ జనం తోసుకొస్తున్నారు. అంతా సరిగ్గా ఉందా అని నన్నడిగి, నేను తలూపితే లక్క అతికించేశాడు.

చప్పుడైంది. ఆయన చిరునవ్వుతో పెద్దలవైపు చూసి తలుపు తీశాడు.

నేననుకున్నది ఏమిటంటే, జనం కేకలేస్తారు, కాసేపు గోలవుతుంది, నాకు రెండు వారాలకు సరిపడా కథ దొరుకుతుంది. నాకు తెలియనిది ఒకటుంది. శెట్టిగారి మొదటి భార్యకు ఒక ఆడపిల్ల ఉండేదట. తల్లికంటే నెల ముందు జ్వరంతో పోయింది. అప్పటికి రెండేళ్లు. పిడికిలితో వేసే పాదం ఎంతుంటుందో మీకు తెలుసు కదా. అత్తగారు దాన్ని చూడగానే కూలబడిపోయింది. ఆ పిల్లను ముద్దుపేరుతో పిలుస్తూ, బూడిద చెదరకుండా దానిచుట్టూ చేతులు అడ్డుపెట్టుకుని ఏడ్చింది. శెట్టిగారు గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. వ్యానులో వచ్చినవాళ్లు కూడా వెనక్కి జరిగారు.

అయ్యవారు కొలబద్ద తీసి ఆ అడుగును కొలిచాడు. తర్వాత నన్ను పక్కకు తీసుకుపోయాడు.

"ఏమప్పా, నువ్వు తలుపు మూసినప్పుడు ఇది ఉండెనా?"

"లేదు అయ్యవారూ."

"బాగా తలుచుకుని చెప్పు. ఆ లక్ష్మీదేవి బతుకు నీ మాట మీదుండాది. చూడలేదంటే చూడలేదని చెప్పు, తప్పేం లేదు. చెయ్యి తగిలింటే తగిలిందని చెప్పు."

చూడండి, ఆయన నాకు తలుపు తీసే పెట్టాడు. నేను అందులోంచి బయటికి రావచ్చు. వ్యానువాళ్లు చూస్తున్నారు, సంపాదకుడు చూస్తున్నాడు.

"నా కళ్లారా చూసినా అయ్యవారూ. బూడిద చదునుగా ఉండె."

ఆయన ఇంకేమీ అడగలేదు. తలుపు వేసుంది, దారం తెగలేదు, సాక్షి చెప్పాడు. పెద్దలముందు నిలబడి, చప్పుడుకు కారణం చెప్పగలను, అడుగుకు చెప్పలేను, నాకు అంతుబట్టలేదని ఒప్పుకున్నాడు. ఒప్పుకోకుండా సంతకం పెట్టే మనిషి కాదు ఆయన. బండ లేపమని అడిగాడు కానీ, ఆ అడుగు పడిన నడిమింట్లో గడ్డపార దించడానికి అత్తగారు ఒప్పుకోలేదు.

నేను పెరట్లోకి పోయాను. గోలెం దగ్గర లక్ష్మీదేవి ఉంది. చెంబుతో నీళ్లు ముంచి నా ముందు నిలబడింది.

"చేయి కడుక్కోన్నా. బూడిదయింది."

చూసుకున్నాను. కుడిచేతి అంచున, చిటికెన వేలి నుంచి మణికట్టు దాకా బూడిద. వేలికొసలకు కూడా. బూడిద పరిచినవాడి చేతికి బూడిద అంటడంలో వింతేముంది? కానీ ఆమె నీళ్లు సరిగ్గా ఆ అంచుమీదే పోసింది. నా కళ్లలోకి చూడలేదు. ఆమెకు తెలిసిందా? తెలిస్తే ఎందుకు అరవలేదు? అరిచి ఉంటే ఆ ఇంట్లో ఎవరు నమ్మేవాళ్లు, సాక్షిని నేనైతే? ఆమె అరుస్తుందేమోనని నేను భయపడ్డాను. అరవనందుకు ఊపిరి పీల్చుకున్నాను. అడుగు వేసినందుకంటే ఆ ఊపిరికే నాకు ఎక్కువ సిగ్గు.

మర్నాడు ఉదయం బస్సులో ఆమెను రాజంపేట పంపించారు. మళ్లీ తీసుకురాలేదని తర్వాత విన్నాను. నా కథ పత్రికలో అచ్చయింది. డేరాల్లో ముందెన్నడూ లేనంతగా చదివారు. ఆ తర్వాత ఒక్క వారం కూడా నేను రాయలేదు, దీన్ని గొప్పగా చెప్పడం లేదు, చేయి కదల్లేదు. ఒకసారి రాజంపేట దాకా పోయాను. వాళ్ల వీధి మొదట్లో ఒక అంగడి ముందు నిలబడి సోడా తాగి, తిరుగు బస్సెక్కాను.

అయ్యవారు మాత్రం వదల్లేదు. ఏడాదికి రెండు మూడు ఉత్తరాలు వచ్చేవి. పందికొక్కు అడుగై ఉంటుందా, గవాక్షిలోంచి పెళ్ల రాలి ఉంటుందా, బండ అదిరితే బూడిద అలా పోగవుతుందా అని. ఇంట్లో బండలమీద బూడిద పరిచి, ఎలుకల్ని వదిలి చూశానని ఒకసారి రాశాడు. పిల్లలు ఆయన్ని చూసి నవ్వేవాళ్లట. నేను ప్రతి ఉత్తరానికీ మర్యాదగా జవాబు రాశాను. నిజాయితీగల మనిషి బుర్రలోకి ఒక అబద్ధాన్ని వదిలి, అది ఆయన్ని ఇన్నేళ్లు తినడం ఉత్తరాల్లో చదువుతూ కూర్చున్నాను. మా ఇంట్లో కృష్ణాష్టమికి అడుగులు వేయనివ్వను. చీమలు పడతాయని మా ఆవిడకు సాకు చెప్పాను.

ఆయన పోయాక వాళ్లబ్బాయి నోటుపుస్తకాన్ని నాకు పంపించాడు, నాన్న మీకివ్వమన్నాడని. బద్వేలు పేజీ తీయడానికి నాకు నెల పట్టింది. ఎడమవైపు అడుగు బొమ్మ, దాని కొలతలు. దానికింద ‘సాక్షి’ అని రాసి, నా పేరు రాసి, పక్కన ‘నా శిష్యుడు, నమ్మదగినవాడు’ అని ఉంది. కుడివైపు ఇన్నేళ్ల ఊహలన్నీ రాసి, ఒక్కొక్కటే కొట్టేసి ఉన్నాయి. అడుగున కారణం గడి ఖాళీగా ఉంది.

దీన్ని చదివి మీరు నన్నేమీ అనక్కర్లేదు, ఓదార్చవద్దు కూడా. క్షమించవలసిన ఇద్దరూ మీరు కారు. ఇవాళ పొద్దున ఆ గడిలో రాశాను. అడుగు నాది, కుడి పిడికిలితో వేశాను. రాసి, కింద నా సంతకం పెట్టాను. చేయి కాస్త తేలికైంది.