ఎక్కే బండి, దిగే బండి

గిద్దలూరు దాటాక నల్లమల మొదట్లో ఉన్న ఒక చిన్న స్టేషనులో నేను మూడేళ్లు అసిస్టెంటు స్టేషను మాస్టరుగా పనిచేశాను. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. అర్జీలు పట్టుకున్న వాళ్లూ, బదిలీల కోసం తిరిగే వాళ్లూ మా మీదుగానే కొండెక్కి పోయేవాళ్లు. మా దగ్గర ఆగేవి రెండే ప్యాసింజర్లు. పొద్దున నంద్యాల వైపు నుంచి కొండ దిగి వచ్చేది ఒకటి. మధ్యాహ్నం గిద్దలూరు వైపు నుంచి వచ్చి కొండెక్కేది ఇంకొకటి.

చుట్టుపక్కల జనం వాటిని దిగే బండి, ఎక్కే బండి అనేవాళ్లు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. రైల్వేలో ఎక్కడం దిగడం ఉండవు, అప్, డౌన్ అనే ఉంటాయి. మా రైల్వేకు పెద్దాఫీసు మద్రాసు. అటు పోయేది అప్, అటునుంచి వచ్చేది డౌన్. ఆ లెక్కన గుంటూరు మీదుగా మద్రాసు దారి పట్టే మా కొండ దిగే బండి అప్, ఎక్కే బండి డౌన్. మద్రాసుతో తెగతెంపులు చేసుకుని రాష్ట్రం తెచ్చుకున్నాం గానీ, బండి మాత్రం మద్రాసు వైపు మొగం పెడితేనే పైకి పోయినట్టు. ఇందులో తమాషా ఉందని అప్పట్లో నాకు తోచలేదు.

నేనేమన్నా పరాయి దేశం వాణ్ణా? పుట్టింది మార్కాపురంలో. మా అమ్మ చచ్చేదాకా ఎక్కే బండి అనే అన్నది. నెత్తిన టోపీ పెట్టుకున్నాక ఆ మాట నాకు మోటుగా వినపడింది. ఎవరైనా కిటికీ దగ్గరికొచ్చి ఎక్కే బండి ఎప్పుడొస్తుందని అడిగితే, అట్లాంటి బండి మా దగ్గర లేదు, డౌన్ ప్యాసింజరు ఉంది అనేవాణ్ణి. వాళ్లు తెల్లమొహం వేస్తే అదో సంతోషం. ఒకసారి రాచర్ల ముసలమ్మ ఒకామె, "అప్పు బండి ఏంది నాయనా, ఎవురికి బాకీ పడినారు మీరు?" అంటే టిక్కెట్లకు నిలబడ్డ వాళ్లంతా పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఎండాకాలం వచ్చిందంటే రాచర్ల వైపు గొర్రెల మందలు మేతకు అడవికి వచ్చేవి. వాటితో వచ్చిన ఒకాయన మా స్టేషను బావికి నీళ్లకు వచ్చేవాడు. యాభై ఏళ్లుంటాయి. నేను మామా అనేవాణ్ణి, ఆయన మాస్టరయ్యా అనేవాడు. ఆ ఏడు ఆయన మనసు మనసులో లేదు. భార్య కంప కొడుతుంటే కంట్లో ముల్లు గుచ్చుకుంది. మార్కాపురంలో డాక్టరుకు చూపించి, అక్కడే చుట్టాలింట్లో దిగబెట్టి వచ్చాడు.

"నేనుంటానంటే ఇనలేదు మాస్టరయ్యా. ఈడ కూచోని నా కన్ను నువ్వు చూస్తావా, గొర్రెలు ఎండిపోతాండాయి పో అనింది," అన్నాడు.

ఆయన అడవిలో ఉండగానే ఆమె కన్ను ముదిరింది. కొండ అవతల నంద్యాల వైపు పట్టాల మీద గ్యాంగుమన్‌గా పనిచేసే ఆమె తమ్ముడు వచ్చి ఆమెను తన దగ్గరికి తీసుకుపోయాడు. ఈ సంగతి మామకు చేరలేదు. ఆయన లెక్కలో ఆమె ఇంకా మార్కాపురంలోనే ఉంది. అది నాకు తెలీదు. అడిగితే తెలిసేది. నేను అడగలేదు.

ఒకరోజు కొండ అవతలి స్టేషను నుంచి ఫోను వచ్చింది. మాట్లాడింది అక్కడి మాస్టరు, చెప్పించింది ఆ తమ్ముడు. దెబ్బ తగిలిన కన్ను తీసేయకపోతే రెండోది కూడా పోతుందని డాక్టర్లు చెప్పారట. రెండో కంటికి అప్పటికే మసక మొదలైంది. మర్నాడు అప్ ప్యాసింజర్లో గుంటూరు తీసుకుపోతున్నారు. చూపు ఉండగా ఒక్కసారి మొగుడి మొగం చూడాలని ఆమె పట్టుబట్టింది. మా స్టేషనులో బండి ఆగినప్పుడు ఆయన్ని వచ్చి నిలబడమనాలి. అంతే కబురు.

సాయంత్రం మామ నీళ్లకు వచ్చినప్పుడు చెప్పాను. "మామా, రేపు అప్ ప్యాసింజర్లో మీ ఆమెను కంటి ఆపరేషనుకు తీసుకుపోతున్నారు. చూపు ఉండంగానే నిన్ను చూడాలంటోంది. రెండు నిమిషాలే ఆగుతుంది బండి, ముందే వచ్చి నిలబడు."

ఆయన బిందె కింద పెట్టి, "అప్పు అంటే ఏ బండి మాస్టరయ్యా?" అన్నాడు.

"అప్ అంటే అప్పే. ఇన్నేళ్లుగా చూస్తున్నావు, ఆ మాత్రం తెలీదా?" అన్నాను.

దిగే బండి అని ఉంటే సరిపోయేది. రెండు మాటలు. నా నోటి ముత్యాలేమీ రాలిపోయేవి కావు.

మర్నాడు పొద్దున అప్ ప్యాసింజరు నిమిషం తేడా లేకుండా దిగింది. ఆమె ప్లాట్‌ఫారం వైపు కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఒక కంటికి కట్టు. రెండో కంటిని చిట్లించుకుని ప్లాట్‌ఫారం మీద కదిలిన ప్రతి మనిషినీ చూస్తోంది. తమ్ముడు కిందికి దిగి బావా బావా అని కేకేస్తూ బావి దాకా పరిగెత్తి వచ్చాడు. మామ లేడు.

"మాస్టరయ్యా, మా ఆయనకు చెప్పినావా?" అంది.

"చెప్పానమ్మా," అన్నాను, కొంచెం విసుగ్గానే.

"చెప్పింటే వస్తాడు. గొర్రె ఏదన్నా తప్పిపోయిందేమో. రొంతసేపు ఆపుతావా నాయనా?"

రూలు ఒప్పుకోదన్నాను. పచ్చజెండా ఊపాను. బండి మలుపు తిరిగేదాకా ఆమె తల కిటికీ బయటే ఉంది. టైముకు పంపించానని రిజిస్టరులో రాసుకున్నాను. కబురందీ రాని మనిషి మీద నాకు కోపం కూడా వచ్చింది.

ఆ మనిషి మధ్యాహ్నం వచ్చాడు. తలంటుకున్నాడు, ఉతికిన పంచె కట్టుకున్నాడు. మోదుగాకు దొప్ప నిండా అడవిలో కోసిన కలివిపండ్లు తెచ్చాడు. వేపచెట్టు నీడలో కూర్చుని గిద్దలూరు వైపు పట్టాలు చూస్తున్నాడు.

"ఇప్పుడొచ్చినావేంది మామా? దిగే బండి పొద్దుననే పోయింది గదా," అన్నాను. నాకు తెలీకుండానే మా అమ్మ మాట నా నోట్లోకి వచ్చింది.

ఆయన నవ్వాడు. "నువ్వు చెప్పింది అప్పు బండి గదా మాస్టరయ్యా. నాకు తెలీక ఊర్లోకి పోయి బడి అయ్యవారిని అడిగినా. అప్పు అంటే పైకి అన్నాడు. పైకి పోయేది ఎక్కే బండే గదా. మార్కాపురం నుంచి కర్నూలుకు తీసకపోతాండారు గావాల."

అయ్యవారు చెప్పింది తప్పు కాదు. ఈయన అనుకున్నదీ తప్పు కాదు. నేను కూడా రూలు ప్రకారం తప్పు చెప్పలేదు. ఈ మూడు ఒప్పుల మధ్య ఆమె వెళ్లిపోయింది. ఉన్నది ఉన్నట్టు ఆయనకు చెప్పాను. ఆయన ఎక్కే బండి వచ్చేదాకా ఉండి, వచ్చాక ఒక్కొక్క పెట్టెలోకీ తొంగి చూశాడు. లేదని తెలిసీ ఎందుకు చూశాడో నేను అడగలేకపోయాను.

మందను పక్కవాళ్లకు అప్పజెప్పి మర్నాడు దిగే బండికి ఆయన గుంటూరు పోయాడు. అప్పటికే ఆపరేషను అయిపోయింది. రెండు కళ్లకూ కట్టు ఉంది. కట్టు విప్పిన రోజు రెండో కంటికీ చూపు లేదు.

నెల దాటాక ఎక్కే బండిలో వచ్చి మా స్టేషనులో దిగారు. ఆమె చెయ్యి ఆయన భుజం మీద ఉంది. నా గొంతు విని నా వైపు తిరిగింది.

"మాస్టరయ్యా, నువ్వు చెప్పినా గూడా ఈయన మరిచిపోయి గొర్రెల ఎనకాల పోయినాడంట. చూడు నాయనా, ఎంత పని చేసినాడో."

నేను మామ మొగం చూశాను. ఆయన మూట సర్దుకుంటున్నాడు. కాదమ్మా, తప్పు నాది అనడానికి నోరు తెరిచాను. గార్డు ఈల వేశాడు. జెండా ఊపాలి కదా అని అటు తిరిగాను. ఆ జెండా వంక లేకపోతే ఇంకో వంక దొరికేది, నా సంగతి నాకు తెలుసు.

కొన్నాళ్లకు బావి దగ్గర ఆయన్ని అడిగాను, అట్లా ఎందుకు చెప్పావని.

"నీ మీద కోపం పెట్టుకుంటే ఆ కోపం యాడ తీర్చుకుంటాది మాస్టరయ్యా? నువ్వు ఈ పొద్దు ఈడుంటావు, రేపు ఇంకో ఊరు. నా మీదైతే పొద్దున లేస్తే తిట్టుకోవచ్చు," అన్నాడు. చేద బావిలోకి వదిలి మళ్లీ అన్నాడు. "అయినా నేను ఇంకోసారి అడగాల్సింది నిన్ను."

ఆ మాట బదులు నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత నేను కిటికీలో ఎక్కే బండి, దిగే బండి అనే చెప్పాను. ఇన్‌స్పెక్షనుకు వచ్చిన దొర విని, ఇదేం భాష అని మందలించాడు. మందలిస్తే మందలించాడు. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు అవి.

నాకు బదిలీ అయిన రోజు ఇద్దరూ స్టేషనుకు వచ్చారు. ఆయన చేతిలో కలివిపండ్ల దొప్ప ఉంది. ఆమె గట్టిగా, "ఏ బండికి పోతాండావు మాస్టరయ్యా?" అంది.

"దిగే బండికమ్మా," అన్నాను.

"ఆ పొద్దు నేను పోయింది గూడా ఆ బండే గదా. పుట్టినకాడి నుంచి చూస్తాండాడు ఈయన, తెలీని బండా అది? మరిచిపోయినాడు," అంది.

మామ నవ్వి, నేను బండెక్కి కూర్చున్నాక దొప్ప కిటికీలోంచి నా చేతికి ఇచ్చాడు. నేను తీసుకున్నాను.