బోధన్ దాకా ఒక ఇనుప కూలర్‌తో

మే నెలలో నిజామాబాద్ నుంచి బోధన్ వైపు బస్సులో వెళ్లాలనుకునేవారికి నా మొదటి సలహా: వెళ్లకండి. తప్పదంటే పొద్దున్నే బయలుదేరండి. వెంట ఒక ఇనుప కూలర్‌ను కూడా మోసుకెళ్లాల్సి వస్తే మాత్రం ఈ కథనం పూర్తిగా చదవండి. ఈ శాఖలో నాకున్నంత అనుభవం జిల్లాలో మరొకరికి లేదు.

పొద్దున ఆరింటికి సుజాతక్క ఫోన్ చేసింది. అక్క ఉండేది బోధన్ అవతల ఒక పల్లెలో. ఆమె కూతురు లావణ్య తొలి కాన్పుకు తల్లిగారింటికి వచ్చి, పన్నెండు రోజుల కింద కొడుకును కన్నది.

"తమ్మీ, పిల్లోడు నిన్నటి సంది పాలు సరిగ తాగుతలేడు. ఒళ్లంత చెమటకాయలు. నర్సమ్మ వచ్చి సూసింది. జరం లేదట, ఉడుకకే గిట్లయితున్నడట. గది సల్లగ ఉంచుండ్రి, పొద్దుగూకేదాక పాలు పట్టకుంటే పెద్ద దవాఖానకు తీస్కపోండ్రి అన్నది. గీ ఎండల పసిగుడ్డును ఎట్ల బయటికి తియ్యాలె?"

నేను ఫోన్ పెట్టేసి లేచాను. మా ఆవిడ పద్మ అప్పటికే కూలర్ ప్లగ్గు పీకేసింది. "తీస్కపో. మనం డాబా మీద పంటం" అంది.

మా కూలర్ ఆషామాషీది కాదు. పదేళ్ల కింద రేకుతో చేయించిన పెట్టె. దాన్ని వేస్తే మూడు వీధుల అవతల కుక్కలు లేచి ఇటు జరుగుతాయి. ఒకసారి దాని గాలికి గోడ మీది క్యాలెండర్ మే నుంచి ఏకంగా సెప్టెంబర్‌కు వెళ్లిపోయింది. బరువంటారా, దాన్ని ఆటోలోకి ఎక్కించేటప్పుడు ఆటో ముందు చక్రం లేచి నాకు నమస్కారం పెట్టింది.

ఏడు నలభైకి బస్టాండు చేరాను. బస్సు ఎనిమిదింటికి. ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి సీట్లన్నీ వాళ్లవే, నిలబడే హక్కు మాది. కూలర్‌ను వెనక మెట్ల దగ్గర నిలబెట్టి దానికి నేను ఆనుకున్నాను, లేదా అది నాకు ఆనుకుంది. కండక్టరమ్మ మా ఇద్దరినీ కింది నుంచి పైదాకా చూసింది.

"అన్నా, నీకో టికెట్, గీయనకో టికెట్."

"అక్కా, ఇది కూలర్. మనిషి కాదు."

"ఆడకూలరైతే ఆధార్ కార్డు సూపియ్యి, ఫ్రీగ ఇడుస్త."

బస్సంతా నవ్వింది. లగేజీ టికెట్ తీసుకున్నాను. పక్కన తలకు తువ్వాల చుట్టుకున్న పెద్దాయన ఒకరు జేబులోంచి ఉల్లిగడ్డ తీసి చూపించారు. వడదెబ్బ కొట్టకుండా మా వైపు అందరూ పెట్టుకుంటారు. "నేను గీ ఒక్క గడ్డతోటి నలభై ఎండకాలాలు ఎల్లదీసిన. నువ్వేంది తమ్మీ, మిషిన్ ఏసుకొని తిరుగుతున్నవ్?" అన్నారు. అక్క మనవడి సంగతి చెప్పాను. ఆయన మారుమాట లేకుండా లేచి తన సీటు కూలర్‌కు ఇచ్చారు. నాకు ఇవ్వలేదు.

ఎడపల్లి దాటేసరికి కిటికీలోంచి వచ్చేది గాలి కాదు, పొయ్యి మీది పెనం తీసి మొహానికి చూపించినట్టే. కాలువలో నీళ్లు బందయి, చెరుకు తోటలు ఆకులు ముడుచుకుని నిలబడ్డాయి. తొమ్మిదింపావుకు బోధన్. బస్టాండు ఎదురుగా చెరుకు రసం రెండు గ్లాసులు తాగాను. ఈ బాటన వెళ్లేవారు ఐసు వద్దని ముందే చెప్పండి, లేకపోతే గ్లాసులో ముప్పావు ఐసే ఉంటుంది. అక్కడి నుంచి ఇంకో ఆటో. పది దాటాక అక్క వాకిట్లో దిగాను, కూలర్‌తో, యుద్ధం గెలిచిన సేనాపతిలాగా.

అక్క ఇల్లు రేకులది. రేకుల మీద ఎండిన చెరుకాకు మందంగా పరిచి, పాత వలతో కట్టారు. బాలింత గది తలుపు తీస్తే నాకు కళ్లు కనిపించలేదు. కిటికీ మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి ఉన్నాయి. మూలన సాంబ్రాణి కుంపటి. లావణ్య చెవులకు తువ్వాల బిగించి ఉంది. పిల్లవాడికి మూడు బట్టలు చుట్టారు, మొహం ఒక్కటే కనిపిస్తోంది, అది కందగడ్డలా ఉంది. మంచం పక్కనే కాపలాగా గంగవ్వ, అక్క అత్తగారు. ఎనభై ఏళ్లు, ఆరుగురిని కని పెంచిన మనిషి.

"గాలి తగులొద్దు. బాలింతకు గాలి సొస్తే జన్మల పోదు" అంది గంగవ్వ, నేను నోరు తెరవకముందే.

"గాలి కాదవ్వా, చల్లదనం తెచ్చిన" అన్నాను.

కూలర్‌ను మంచం పక్కనే పెట్టాం. బోరు పిల్లితోకంత సన్నగా పోస్తోంది. ఉన్న డ్రమ్ములోంచి నాలుగు బిందెలు పోస్తుంటే గంగవ్వ గుండె పట్టుకుంది. "నాలుగు బిందెలు! ఇంటిల్లిపాది రెండొద్దులు తాగే నీళ్లు తాగింది గీ రాకాసి!" స్విచ్ వేశాను. గంగవ్వ తలుపు వేసింది. పది నిమిషాలు కశ్మీరు. లావణ్య నవ్వింది. నేను కూలర్ల గొప్పతనం మీద ఒక ఉపన్యాసం ఇచ్చాను, ఎవరూ అడగకపోయినా.

పదకొండు దాటాక కశ్మీరు కరిగింది. గోడలకు చెమట పట్టింది. దిండు తడిసింది. సాంబ్రాణి పొగ, నీటి ఆవిరి కలిసి, ఆ గదిలో అప్పడం పెడితే మళ్లీ పిండిముద్ద అయ్యేది. నేను కూలర్‌ను ఇంకా పెంచాను, ఆవిరీ ఇంకా పెరిగింది. పిల్లవాడు కేర్‌మని ఏడ్చాడు. కొంతసేపటికి ఆ ఏడుపు సన్నబడింది. లావణ్య రొమ్ము అందిస్తే మొహం తిప్పుకున్నాడు. అక్క నా వైపు చూసింది. తిట్టినా బాగుండేది.

"ఆటోను పిలువు తమ్మీ. పొద్దుగూకేదాక ఆగొద్దు. తీస్కపోదాం."

పొద్దున నన్ను దింపిన ఆటో అబ్బయ్యకు ఫోన్ చేశాను. ముప్పావుగంటలో వస్తానన్నాడు. బయట పన్నెండు గంటల ఎండ. అందులో పన్నెండు రోజుల ప్రాణాన్ని నిజామాబాద్ పెద్ద దవాఖాన దాకా గంటన్నర తీసుకెళ్లాలి. నా జీవితంలో మొదటిసారి నాకు జోకు తట్టలేదు.

అప్పుడు వచ్చారు సత్యవతి గారు, మజ్జిగ చెంబుతో. పక్కనే ఆంధ్రా నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న క్యాంపులో ఉంటారు. ఆవిడ పుట్టింది ఇక్కడే, మాట మాత్రం ఇంకా తాతగారి ఊళ్లోనే ఉంది. గదిలో అడుగు పెట్టి వెంటనే వెనక్కి వేశారు.

"ఏమండీ అన్నయ్యగారూ, ఇదేమన్నా ఇడ్లీ పాత్రటండీ? కూలరు లోపల పెట్టి తలుపులన్నీ బిగిస్తే ఆవిరి ఎటు పోద్దండీ? అది బయటి పొడిగాలిని పీల్చాలి, లోపలి గాలి ఎదురు తలుపున బయటికి పోవాలి."

"గాలి తగులొద్దు!" గంగవ్వ లేచింది.

"మా అత్తగారూ ఇలాగే అన్నారు గంగమ్మగారూ. మంచం మూలకి జరపండి. గాలి గోడకేసి తిప్పుదాం, పిల్లాడి మీద పడదు. పడితే నన్నడగండి."

గంగవ్వ పిల్లవాడి మొహం చూసింది. తర్వాత తనే కిటికీ సందులోని గుడ్డలు లాగేసింది.

కూలర్‌ను బయటికి మోశాను. కిటికీకి అవతల నాలుగు ఇటుకల మీద నిలబెట్టాను. కుంపటి వాకిట్లోకి పోయింది. మంచం మూలకు జరిగింది. ఎదురు తలుపు బార్లా తీశాం. పిల్లవాడికి పలచని గుడ్డ ఒక్కటి మిగిల్చారు. గంగవ్వ ఒక్క షరతు పెట్టింది: కూలర్‌కూ పిల్లవాడికీ మధ్య తను కూర్చుంటుంది. "వచ్చే గాలి ముందుగాల నా ఈపు మీదికెల్లి పోవాలె" అని స్టూలు వేసుకుని, గాలికి వీపు పెట్టి కోటగోడలా కూర్చుంది.

ఐదు నిమిషాలు గడిచాయి. గోడల చెమట ఆరింది. పది నిమిషాలకు కోటగోడ ముందుకు ఒరిగి గురక పెట్టింది.

"అవ్వను కోటకు కాపలా పెడితే శత్రువుతోని కలిసిపోయింది" అన్నాను. లావణ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే పిల్లవాడు కదిలాడు. మూతి చప్పరించాడు. లావణ్య నవ్వు ఆపి ఒడిలోకి తీసుకుంది. మేమందరం గుమ్మం బయటికి జరిగాం. సత్యవతి గారి చేతిలో మజ్జిగ చెంబు వంగి ధార కారిపోతోంది, ఆవిడ చూసుకోవడం లేదు. లోపలి నుంచి లావణ్య గొంతు మెల్లగా వచ్చింది.

"అమ్మా, పట్టిండు."

అక్క గడప మీద కూలబడి ఏడ్చింది. నేను ఏడవలేదు. నా కళ్లలోకి కూలర్ నీళ్లు చిందాయి, అంతే. కూలర్ అప్పటికి గోడకు అవతల ఉందన్నది వేరే సంగతి.

ఆటో వచ్చి వాకిట్లో హారన్ కొట్టబోతే నలుగురం ఒకేసారి చేతులూపాం. అబ్బయ్య భయపడి ఇంజను ఆపాడు. సంగతి విని, భోజనం పెడితే సాయంత్రందాకా ఆగుతానన్నాడు. జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఎల్లిపాయ కారం. నేను ఆరు రొట్టెలు తిన్నాను, అక్క తొమ్మిదంటుంది.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి, మీకు పనికొస్తుంది. తలుపు తెరిచాక కూలర్ తక్కువ స్పీడులోనే సరిపోయింది, సాయంత్రానికి ఇంకో రెండు బిందెలు తాగింది, అంతే. పిల్లవాడికి పోసిన స్నానం నీళ్లను గంగవ్వ పారబోయదు. గుంతలో పట్టి, ఆ నీళ్లే రేకుల మీది చెరుకాకు మీద చల్లిస్తుంది. ఆ రోజు ఆ డ్యూటీ నాకు పడింది. నిచ్చెన ఎక్కి చెంబుతో చల్లితే పైనుంచి చుయ్‌మని ఆవిరి లేచింది, నా మీసాలు రింగులు తిరిగాయి. కిందికి దిగి చూస్తే గదిలో ఇంకాస్త చల్లన. నేను బాలింత గదికి ఆవిరి పట్టిస్తుంటే, అవ్వ స్నానం నీళ్లతో ఇల్లు చల్లబరుస్తోంది. ఈ మాట ఆమెతో అనలేదు. అంటే నిజామాబాద్ దాకా వచ్చి వినిపిస్తుంది.

నాలుగింటికి పిల్లవాడు రెండోసారి పాలు తాగాడు. ఐదింటికి అబ్బయ్య ఆటో, ఐదు నలభైకి బోధన్‌లో బస్సు. చేతులు ఊపుకుంటూ ఎక్కాను. మే నెలలో ఒట్టి చేతులతో ప్రయాణించడం ఎంత సుఖమో కూలర్ మోసినవాడికే తెలుస్తుంది. కిటికీ పక్కన సీటు దొరికింది. గాలి ఇంకా వేడిగానే ఉంది, కాని ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపు వెళ్లిపోతోంది. ఆ దారి ఉంటే చాలు, మనిషి తట్టుకుంటాడు.

ఎడపల్లి దగ్గర ఫోన్ మోగింది. లావణ్య.

"మామా, నర్సమ్మ వచ్చిపోయింది. దవాఖాన అక్కర్లేదన్నది."

వెనక నుంచి ఏడుపు వినిపించింది. ఇల్లు పైకి లేచిపోయేంత ఏడుపు.

"మరి గా ఏడుపేందే?"

"ఆకలి మామా! గంట కాలే తాగి, మల్ల కావాల్నట. నన్ను తినేటట్టున్నడు."

నేను ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఆ ఏడుపును బస్సంతటికీ వినిపించాను.