నా కాళ్ళ మీది మెరూన్ మచ్చలు

ఆ రోజుల్లో మా గుడియాత్తం వీధిలో జబ్బులకు నాలుగే పేర్లుండేవి: జ్వరం, వేడి, దిష్టి, అమ్మవారు. జబ్బు వచ్చినవాళ్ళు ఎవరైనా సరే, ఈ నాలుగింటిలో ఒకదానికి సర్దుకుపోవాల్సిందే. అలాంటి వీధికి ‘అలర్జిక్ పర్పురా’ అనే రెండు ముక్కల ఇంగ్లీషు జబ్బును పట్టుకొచ్చిన ఘనత, పదో తరగతి చదువుతున్న నాకు దక్కింది. దేశం తలుపులు తెరిచిందని పేపర్లు రాస్తున్న కాలమది. మా వీధిలో తెరుచుకున్నది మాత్రం మూలమీద ఒక ఎస్టీడీ బూత్. (మా ఇంట్లో మాట తెలుగు, చదువు అరవం. ఈ అక్షరాలు చిత్తూరికి కాపురానికొచ్చాక మా అబ్బాయి పలక మీద వాడితోపాటు నేర్చుకున్నవి. తప్పులుంటే పూచీ వాడిదే.)

మా నాయన పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ నీలం గళ్ళ లుంగీలే నేసిన మనిషి. ఆ ఏడు మొదటిసారి విదేశాలకు పోయే బట్ట నేసే పని వచ్చింది. నూలు మంచి మెరూన్ రంగు. ఉతికితే రంగు పోకూడదు, పోతే మొత్తం తిప్పి పంపేస్తాం, అదీ షరతు. బట్ట మగ్గం మీంచి దింపాక మిగిలిన ముక్కతో అమ్మ నాకొక పావాడ కుట్టింది. పది రోజులు జలుబూ గొంతునొప్పితో మూలిగి, అప్పుడే లేచిన నేను ఆ పావాడ కట్టుకుని రెండు రోజులు బడికి పోయి ఊరేగాను. మూడో రోజు పొద్దున నీళ్ళు పోసుకుంటూ చూసుకుంటే మోకాళ్ళ కింద రెండు కాళ్ళనిండా మెరూన్ చుక్కలు! (ఇంకొక చోట కూడా ఉన్నాయి. అది అమ్మకు తప్ప ఎవరికీ చూపించలేదు.)

“రంగు పోతాండాది!” అని మా అవ్వ కేక పెట్టింది. ఆ మాటకు మగ్గం గుంటలోంచి నాయన ఎగిరి బయటికొచ్చాడు. నా కాళ్ళు చూసి ఆయన ముఖం తెల్లగా పాలిపోయింది. అవ్వ నన్ను రాతి మీద కూర్చోబెట్టి సీకాయపొడి, పీచు పెట్టి తోమింది. చర్మం ఎర్రబడింది కానీ చుక్కలు కదల్లేదు. నాయన ఇంకో పక్క నా పావాడను బకెట్టులో నానేసి, దాని ముందు గొంతుకూర్చున్నాడు. గంటకోసారి చెయ్యి పెట్టి నీళ్ళు చూస్తాడు. సాయంత్రానికి బకెట్టెత్తుకుని వీధిలోకి పరిగెత్తాడు. “చూడండప్పా! నీళ్ళు తేటగా ఉండాయి. చుక్క రంగు పోలా!” అని నలుగురికీ చూపించాడు. ఆ ఆనందం అంతా అయ్యాక అమ్మ మెల్లిగా, “సరేబ్బా, నీ రంగు పోలేదు. అట్లయితే బిడ్డ కాళ్ళకుండేది ఏంది?” అంది. నాయన బకెట్టు కింద పెట్టేశాడు.

అప్పుడు వీధి రంగంలోకి దిగింది. ఎదురింటి అత్త (గొంతు మిల్లు సైరన్ లాంటిది గనక మేం సైరనత్త అనేవాళ్ళం) చూడగానే చేతులు జోడించి, “అమ్మవారు వచ్చిండాది, ఎవురూ ముట్టుకోవద్దండి” అని గుమ్మానికి వేపమండలు కట్టేసింది. నేను బడి తప్పిందని లోపల్లోపల సంబరపడుతున్నాను. ఆ సంబరం రెండో రోజుకే ఆవిరైంది. చీలమండలు వాచి కుంటడం మొదలుపెట్టాను, కడుపులో మెలిపెట్టే నొప్పి. మా ఊరి డాక్టరు చుక్కల మీద గాజు పలక పెట్టి అదిమి చూశాడు. మామూలు దద్దురైతే తెల్లబడాలట. ఇవి తెల్లబడలేదు. “ఆలస్యం చేయకుండా వేలూరు తీసుకుపోండి” అన్నాడు.

వేలూరి పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. మాకర్థమయ్యే అరవంలో విడమరిచి చెప్పింది. జలుబు లాంటిదేదో వచ్చిపోయాక ఒంట్లోని కాపలావాళ్ళు ఒక్కోసారి పొరబడి మన సన్న రక్తనాళాల మీదే పడతారట. అవి వాచి రక్తం చర్మం కిందికి ఊరుతుందట, అవే ఈ చుక్కలు. అంటుకునేది కాదు, బట్ట రంగూ కాదు. చాలామంది పిల్లల్లో కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. “కానీ ఇది మూత్రపిండాలను కూడా తాకొచ్చు. చుక్కలు పోయినా సరే, ఆరు నెలలు మూత్రం పరీక్ష మానకూడదు. కడుపునొప్పి ఎక్కువైనా, రక్తం పడినా వెంటనే రావాలి” అంది.

అవ్వ ఇదంతా ఓపిగ్గా విని, “సరేమ్మా, పత్తియం ఏంది?” అని అడిగింది.

“పథ్యమేమీ లేదవ్వా. అన్నీ తినొచ్చు.”

“ఒణ్ణుమే లేదా? ఒక్కటి కూడానా?” అంది అవ్వ. బయటికొచ్చాక అమ్మ చెవిలో, “పత్తియం చెప్పని డాక్టరు ఏం డాక్టరుమే!” అని తేల్చేసింది.

డాక్టరమ్మ చెప్పినదాంట్లో అవ్వకు గుర్తున్నది ‘అలర్జీ’ ఒక్కటే. అలర్జీ అంటే ఒంటికి పడనిది అని సైరనత్త అర్థం చెప్పింది. ఇక చూడండి. వంకాయ బంద్, గుడ్డు బంద్, ఎండుచేపలు, చెనక్కాయలు, పెరుగు బంద్. లత్తేరి నుంచి చూడ్డానికొచ్చిన మేనమామ గుమ్మడికాయ కూడా వద్దన్నాడు. (ఆయనకు గుమ్మడికాయ గిట్టదు, అంతే.) చివరికి నాకు మిగిలింది కంజీ, ఉప్పు. పక్కింట్లో చేపలపులుసు వాసన వస్తే గోడకు ముక్కు ఆనించి నిలబడేదాన్ని.

మూడోవారం పరీక్షలో డాక్టరమ్మ కాగితం చూసి నవ్వలేదు. మూత్రంలో ప్రోటీను కొంచెం పోతోంది అంది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ప్రోటీనంటే ఏమిటని అవ్వ అడిగింది. గుడ్డు, పప్పులాంటి వాటిల్లో ఉండే సత్తువ అని డాక్టరమ్మ చెప్పింది.

“అదెట్లా పోతాదమ్మా? నేను బిడ్డకు పెట్టిందే లేదే! పోయేదానికి యాడుండాది?”

డాక్టరమ్మ నన్ను తూకం మీద ఎక్కించింది. సంగతంతా రాబట్టింది. కోప్పడుతుందనుకున్నాం. ఆమె మందుచీటీ తీసి, “అవ్వా, ఆ రోజు మరిచిపోయాను. దీనికి గట్టి పథ్యముంది. ఇంట్లో అందరికీ వండే కూడే పిల్లకూ పెట్టాలి, ఒక్క పూట తప్పకూడదు. మూత్రంలో పోయేది పరీక్షల్లో నేను చూసుకుంటాను” అని రాసిచ్చింది. అవ్వ ముఖం వెలిగిపోయింది. ఆ రోజు మొదలు, “డాక్టరమ్మ పత్తియం!” అంటూ వంకాయకూర ముద్దలు చేసి నోట్లో కుక్కడమే. వద్దంటే వీపు మీద ఒకటి.

తరవాతి వారం నాయన మగ్గం ఆపి మాతో వచ్చాడు. పరీక్ష గది బయట గోడకు ఆనుకుని, పాపం, నిలబడే ఉన్నాడు. ప్రోటీను పోవడం ఆ వారం తగ్గింది, ఆ పై వారం అసలు లేదు. “అవునా డాక్టరమ్మా, రంగు పోయేది నిలిచినట్టేనా?” అని నాయన అడిగాడు. ఆయనకు తెలిసిన పరీక్ష అదొక్కటే. డాక్టరమ్మకు ఏం అర్థమైందో గాని, “నిలిచింది, కానీ ఇంకా ఉతికి చూస్తుండాలి” అంది. నాయన తల పంకించాడు.

చుక్కలు గోధుమరంగుకు తిరిగి మాసిపోయాయి. ఒకసారి మళ్ళీ నాలుగు కనిపించి భయపెట్టి పోయాయి. వారానికోసారి వేలూరు పోవడం నెలకోసారి అయింది. ఆరో నెల డాక్టరమ్మ కాగితాలన్నీ చూసి, “ఇక నువ్వు రానక్కర్లేదు, పో” అని నవ్వింది. నేను భోరుమని ఏడ్చాను. ఎక్కడైనా నొప్పిగా ఉందా అని ఆమె కంగారుపడి నా పొట్ట నొక్కి చూసింది. నేనేం చెప్పను? ఇంట్లో అమ్మ చేతులు ఎప్పుడూ మగ్గానికి నూలు కండెలు చుడుతూనే ఉండేవి. వేలూరు బస్సులో మాత్రమే అవి ఊరికే ఉండేవి. కే.వి.కుప్పం దాటేసరికి నా తల ఆమె ఒళ్ళో ఉండేది, కాట్పాడి వచ్చేదాకా ఆ చేతులు నా జుట్టులోనే ఉండేవి.

ఆ మాట ఆ రోజు చెప్పడం చేతకాక, “బస్సు...” అని మాత్రం అన్నాను. ఈ పిల్లకు బస్సు పడదు కాబోలని డాక్టరమ్మ జాలిపడి, వాంతులు రాకుండా ఒక మాత్ర రాసిచ్చింది. తిరుగు ప్రయాణంలో దాన్ని వేసుకుని, అమ్మ ఒళ్ళో తల పెట్టీ పెట్టకముందే మొద్దునిద్ర పోయి, గుడియాత్తంలో లేచాను.