సత్తెమ్మ ముప్పై శనివారాలు

1953లో నన్ను పాతబస్తీలోని ఒక చిన్న పోస్టాఫీసుకు బదిలీ చేశారు. చార్మినార్ నుంచి దక్షిణంగా నడిచి వెళ్లేంత దూరం. కింద ఆఫీసు, పైన ఒక హకీంగారి కాపురం. నాకిచ్చింది సేవింగ్స్ బ్యాంకు కౌంటరు. జనం దాచుకోవడానికి తెచ్చిన డబ్బు తీసుకుని వాళ్ల పాస్‌బుక్‌లో ఎక్కించాలి. అదే అంకెను నా దగ్గరుండే పెద్ద పుస్తకంలో, అంటే లెడ్జర్‌లో, రాసుకోవాలి. ముప్పై ఏళ్ల నౌకరీలో ఎన్ని పాస్‌బుక్కులు నా చేతుల మీదుగా పోయాయో లెక్కలేదు. ఒక్కటి గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అది సత్తెమ్మది. లాల్‌దర్వాజా దగ్గర ఉండేది. భర్త పోయాడు, ఇద్దరు చిన్నపిల్లలు. పత్తర్‌గట్టి వైపు ఒక బట్టల దుకాణం వెనక గదిలో కూర్చుని కుర్తాలు, లంగాలు కుట్టేది. భర్త జబ్బు పడ్డప్పుడు ఆ దుకాణం సావుకారు దగ్గరే అప్పు చేసి, తన కుట్టుమిషన్‌ను తాకట్టు పెట్టింది. అంటే తన సొంత మిషన్ మీద, పరాయి గదిలో కూర్చుని, అతని బట్టలు కుట్టి, అతనికే మిత్తి, అంటే వడ్డీ, కట్టేది! ఆ మిషన్ విడిపించి ఇంటికి తెచ్చుకోవాలన్నది ఆమె పంతం. ఇదంతా నాకు రెండేళ్ల తర్వాత గానీ తెలియలేదు.

మొదటిరోజు ఆమె కొంగు ముడి విప్పి కౌంటరు మీద చిల్లర కుమ్మరించింది. అన్నీ హాలీ సిక్కాలే. నైజాం నాణేన్ని హాలీ అనేవాళ్లం, ఇండియా సర్కారు నాణేన్ని కల్దార్. ఆ రోజుల్లో రెండూ బజార్లో కలిసి తిరిగేవి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు లెక్క. మేము తీసుకునేది కల్దారే.

"గిది ఈడ నడ్వదమ్మా, కల్దార్ తే" అని కసిరాను.

"ఇవి పైసలు కావా అన్నా?"

"పైసలే గని, ఏడుకు ఆరు. సరాఫ్ తాన మార్సుకొని రా. గిదంత లెక్కవెట్టుకుంట కూసుంటే నా పని ఎప్పుడు తెల్లారాలె?"

వెనక నుంచి పోస్టుమాస్టరు "ఏందయ్యా, ఇది పోస్టాఫీసా, చేపల బజారా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే సిగ్గేస్తుంది. సత్తెమ్మ ఒక్కతే నవ్వలేదు. "ఏడుకు ఆరు, ఏడుకు ఆరు" అని వేళ్ల మీద లెక్కించుకుంటూ వెళ్లి, మార్చుకుని వచ్చి ఖాతా తెరిచింది.

అప్పటి నుంచి ప్రతి శనివారం మధ్యాహ్నం ఎనిమిదణాలు, అంటే అర్ధరూపాయి. వాన వచ్చినా, ఎండ కాసినా, పిల్లకు జ్వరం వచ్చినా ఎనిమిదణాలు. పొద్దుటి చాయ్ మానేసిందట. దారపు ఉండల కోసం అఫ్జల్‌గంజ్ పంపినప్పుడు సావుకారు ఇచ్చే బస్సు డబ్బులు మిగుల్చుకుని నడిచి పోయేదట. పారేసే కత్తిరింపు ముక్కలు అడిగి తెచ్చి, ఇంట్లో చేత్తోనే పసిపిల్లల టోపీలు కుట్టి, శుక్రవారం మసీదు ముందు అమ్మేది. రంజాన్ నెలలో శనివారానికి రూపాయి వేసేది. ఇవన్నీ పాస్‌బుక్ కోసం నిలబడ్డప్పుడు తనే చెప్పిన ముక్కలు. నేను తలెత్తకుండా "ఆఁ, ఆఁ" అనేవాణ్ణి.

ఎందుకోసం దాస్తున్నావని ఒక్కనాడూ అడగలేదు. ఎంత వేశారన్నదే మన పని, ఎందుకు వేశారన్నది మనకెందుకని నా పై గుమాస్తా ఉద్యోగంలో చేరిన కొత్తలో నేర్పాడు. అది మర్యాద అనుకున్నాను.

1955లో ఒకరోజు, శనివారం కాకుండానే వచ్చింది. "అరవై రూపాయలు తియ్యాలన్నా."

డబ్బు తీయడానికి విత్‌డ్రాయల్ ఫారం నింపాలి. చదువురానివాళ్లయితే వేలిముద్ర వేయాలి, పక్కన ఒకరు సాక్షి సంతకం పెట్టాలి. ఆ సాక్షి కోసం చూస్తున్నప్పుడు మొత్తం చెప్పింది.

"ఈ నెల దాటితే మిషన్ అమ్ముతడట. గిరాకీ గూడ వచ్చి సూసిపోయిండు."

"రెండేండ్ల సంది వారం వారం ఈడ ఏసే బదులు ఆయనకే కొంచెం కొంచెం కట్టకపోయినవా?"

"తీస్కోడన్నా. మిత్తి కూలిలకెల్లి పట్టుకుంటడు. అసలు మాత్రం ఒక్కపారే తెమ్మంటడు. నేను బాకీ తెచ్చింది డెబ్బై హాలీ. ఏడుకు ఆరు, గందుకే అరవై."

ఎంత తెలివి చూడండి! పేదది కొద్దికొద్దిగా అసలు కడితే మిత్తి తగ్గిపోతుంది. అందుకని కొద్దికొద్దిగా పుచ్చుకోడు. ఒకేసారి తేలేదని అతనికి తెలుసు. తేలేకపోవాలనే అతని కోరిక.

అరవై రూపాయలు కొంగున కట్టుకుని పోయిన మనిషి గంటలో తిరిగొచ్చింది. ఏడవలేదు. "డెబ్బై కల్దారే కావాల్నంటుండన్నా. పది తక్కువున్నదని ఎల్లగొట్టిండు."

ఆమె ఖాతాలో మిగిలింది రెండు రూపాయలు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కౌంటరు మూసి, పోస్టుమాస్టరు పిలుస్తున్నా వినకుండా ఆమె వెంట నడిచాను.

సావుకారు తెల్లటి ధోవతి కట్టుకుని గద్దె మీద కూర్చున్నాడు. ఎంత మెత్తటి మాటో! "రండ్రి పోస్టుబాబూ, చాయ్ తెప్పిస్త."

"చాయ్ వద్దు. ఈమె రాసిచ్చిన కాయిదం సూపెట్టు."

"సూస్కోండ్రి. డెబ్బై తీస్కున్నది, డెబ్బై ఇయ్యమంటున్న. గిండ్ల తప్పేముంది?"

కాగితం ఉర్దూలో ఉంది. సత్తెమ్మకు ఉర్దూ మాట వచ్చు, చదవడం రాదు. నేను నైజాం జమానాలో ఉర్దూ బడిలో చదివినవాణ్ణి. వెనక గదిలో కుడుతున్న ఆడవాళ్లందరికీ వినపడేలా చదివాను: "ముబ్లిగ్ సత్తర్ రూపయే, సిక్కా ఉస్మానియా." అంటే డెబ్బై రూపాయలు, నైజాం నాణెం.

సావుకారు నవ్వాడు. "గా సిక్కా ఇప్పుడేడున్నది బాబూ? నైజాం తోటే పాయె. రూపాయంటే రూపాయే."

నేను నోరు తెరిచేలోపు సత్తెమ్మ గద్దె ముందుకు వచ్చింది.

"సావుకారూ, నా దినకూలి పద్నాలుగణాలుండె. కల్దార్ రాంగనే పన్నెండు జేసినవ్. ఏందిది అంటే, ఏడుకు ఆరు, సర్కారు లెక్క అన్నవ్. నా కూలికున్న లెక్క నీ బాకీకి లేదా?"

వెనక గదిలో మిషన్ల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. దుకాణంలో చీరలు చూస్తున్న గిరాకీలు కూడా ఇటు తిరిగారు. సావుకారు వాళ్ల వైపు చూశాడు, నా వైపు చూశాడు. "సరే తియ్, ఆడమనిషితోని లొల్లెందుకు" అని చెయ్యి చాపాడు. సత్తెమ్మ అరవై రూపాయలూ పైకి లెక్కపెడుతూ ఇచ్చి, కాగితం తీసుకుని అక్కడే చింపింది.

అప్పుడు తట్టింది నాకు. "అమ్మా, మిత్తి ఎట్ల కట్టినవ్?"

"రూపాయికి అణా. నెలకు డెబ్బై అణాలు."

"హాలీయా, కల్దారా?"

"కూలి కల్దార్ అయిన కాడికెల్లి మిత్తి గూడ కల్దారే. రెండేండ్లాయె."

డెబ్బై హాలీ అణాలంటే అరవై కల్దార్ అణాలు. నెలకు పదణాలు ఎక్కువ పట్టుకున్నాడు. ఇరవై నాలుగు నెలలకు పదిహేను రూపాయలు. ఆమె కూలి తగ్గించే రోజు గుర్తున్న లెక్క, మిత్తి పట్టుకునే రోజు మరిచిపోయాడట పాపం! చాయ్ మాని, అఫ్జల్‌గంజ్ దాకా నడిచి, వారానికి ఎనిమిదణాలు కూడబెట్టిన మనిషి దగ్గర పదిహేను రూపాయలంటే ముప్పై శనివారాలు. జేబు కొట్టినవాడు బజార్లో దొరికితే నలుగురూ కలిసి తంతారు. ఈ పెద్దమనిషికి నలుగురూ దండం పెట్టేవారు.

"పదిహేను రూపాయలు వాపస్ తియ్" అన్నాను.

"కోర్టుకు పోండ్రి బాబూ" అన్నాడు, అదే మెత్తటి గొంతుతో. వకీలుకే పదిహేను చాలవని అతనికి తెలుసు, నాకూ తెలుసు.

"పోనియ్యన్నా, ముందుగాల నా మిషన్ ఇంటికి రానియ్" అంది సత్తెమ్మ. మిషన్‌ను కొంగుతో తుడిచింది. రిక్షాలో ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులా పట్టుకుని వెళ్లిపోయింది. నేను ఆ నెలలోనే ఆ పదిహేను రూపాయల కోసం సర్కారుకు రెండు అర్జీలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు.

ఆ తర్వాతి శనివారం యథాప్రకారం వచ్చింది. కౌంటరు మీద ఎనిమిదణాలు పెట్టింది. ఇంటి దగ్గరే కుడుతోందట, గిరాకీ మంచిగానే ఉందట. ఈసారి నేను తలెత్తి అడిగాను.

"ఇంక బాకీ తీరిపాయె గద, ఇవి దేనికమ్మా?"

ఆమె నా ముఖంలోకి చూసి నవ్వింది. "గిప్పుడడుగుతున్నవా అన్నా?"

ఆమె మాటలో కోపం లేదు. ఉన్నా బాగుండేది. మొదటి నెలలోనే ఆ ఒక్క మాట అడిగి ఉంటే ఆమెకు పోయేది పదణాలే. ఏడుకు ఆరని కసిరి మరీ నేర్పినవాణ్ణి, ఆ లెక్క ఆమె మిత్తికి కూడా వర్తిస్తుందని చెప్పాల్సింది నేనే. సావుకారు మీద నా కోపం ఇంకా చల్లారలేదు, చల్లారాలని కూడా లేదు. కానీ అందులో నా వాటా నాకుంది.

ఆ రోజు నుంచి పెన్షన్ తీసుకునే దాకా, చిల్లరతో ఖాతా తెరవడానికి వచ్చిన ప్రతి ఒక్కరినీ ఫారం నింపేముందు అడిగాను: ఎవరికన్నా బాకీ ఉన్నవా, మిత్తి ఎట్ల కడుతున్నవ్? "నీకెందుకయ్యా?" అని పోస్టుమాస్టర్లు కోప్పడ్డారు. ఖాతాదారులూ కొందరు కసిరారు. వాళ్లు కసిరినా నేను అడగడం మానలేదు.